పన్నెండు కళ్ళతో మైసూరు

మదనపల్లె అవతల కోనేటిమిట్ట అని చిన్న ఊరు. ఆ ఊళ్ళో చెంగల్రాయుడి ఇల్లంటే తెలివికి పుట్టిల్లు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, చెంగల్రాయుడే అన్నాడు. భార్య పాపులమ్మ ఔనంది. తమ్ముడు ఎల్లప్ప తలూపాడు. ముగ్గురు ఒప్పుకున్నాక నాలుగో మనిషిని అడగడమెందుకు?

"ఊళ్ళోవాళ్ళకు వినేదొకటి, చేసేదొకటి. మనం అట్లా కాదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. తెలివంటే అదే," అనేవాడు చెంగల్రాయుడు.

ఒకనాడు మైసూరు నుంచి పాపులమ్మ చెల్లెలు కనకమ్మ ఫోన్ చేసింది. కనకమ్మ మొగుడు నరసింహులు అక్కడ ఒక మిఠాయి హోటల్లో వంటవాడు.

"అక్కా, ఈసారి దసరాకు మీరు ముగ్గురూ రావాల్సిందే. మా మైసూరు చూడ్డానికి రెండు కళ్ళు చాలవనుకో," అంది.

ఫోన్ పెట్టేశాక ఇంట్లో దిగులు మొదలైంది.

"తలా రెండే కదా ఉన్నాయి. చాలవని తెలిసీ ఎట్లా పోవడం?" అంది పాపులమ్మ.

ఎల్లప్ప చాలాసేపు ఆలోచించాడు. "కళ్ళజోడు పెట్టుకున్నవాణ్ణి నాలుగు కళ్ళోడు అంటారు కదన్నా," అన్నాడు.

అంతే. ముగ్గురూ ఊరంతా తిరిగి ముసలివాళ్ళ దగ్గర మూడు కళ్ళజోళ్ళు అడిగి తెచ్చుకున్నారు. మొత్తం పన్నెండు కళ్ళు. జోడు ఇచ్చిన పోస్టుమాస్టరు ఆ వారం ఉత్తరాలు పంచకుండా పక్కన పెట్టాడు.

మైసూరులో బస్సు దిగేసరికి వాళ్ళకు ఊరు ఊరంతా అలుక్కుపోయి కనపడింది. ఒక్కో దీపస్తంభం రెండుగా ఉంది. చెంగల్రాయుడు రెండుసార్లు చెట్టుకు గుద్దుకున్నాడు, ఒకసారి చెట్టుకు దండం పెట్టి దారి అడిగాడు.

"జోళ్ళు తేబట్టి సరిపోయింది. రెండు కళ్ళతో వచ్చినవాళ్ళకు ఇందులో సగమే కనపడుతుంది," అన్నాడు భార్యతో.

ముందు టిఫిను తిందామని హోటల్లో కూర్చున్నారు. సర్వరుకు తెలుగు వచ్చు. చెంగల్రాయుడు మూడు ప్లేట్లు మైసూరుబజ్జీ అన్నాడు.

"మిరపకాయ బజ్జీ ఉంది, అరటికాయ బజ్జీ ఉంది. మైసూరుబజ్జీ అంటే ఏది సార్?" అన్నాడు సర్వరు.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మదనపల్లె బస్టాండులో బండివాడికి తెలిసిన మైసూరుబజ్జీ మైసూరువాడికి తెలియదంటే ఇంకేముంది, ఇది మైసూరు కాదు. బస్సువాడు వేరే ఊళ్ళో దింపేశాడు. ముగ్గురూ మూటలు ఎత్తుకుని బస్టాండుకు తిరిగివచ్చి, మైసూరుకు పోయే బస్సు ఏదని అడిగారు. అడిగిన ప్రతివాడూ నవ్వాడు. మధ్యాహ్నం దాకా నవ్వించాక నరసింహులు వెతుక్కుంటూ వచ్చి ఇంటికి తీసుకెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే రాజుగారి ప్యాలెస్ చూడబోయారు. లోపల ఒక గైడు తెలుగువాళ్ళ గుంపుకు చెబుతున్నాడు.

"ఈ గోడలున్నాయి చూశారూ, ఇవి ఎన్ని కథలు చెబుతాయో. వినే ఓపిక ఉండాలంతే."

గుంపు ముందుకు కదిలింది. చెంగల్రాయుడు కదల్లేదు. "మనకు ఓపికుంది," అని చెవి గోడకు ఆనించాడు. పక్కన పాపులమ్మ ఆనించింది. ఆమె పక్కన ఎల్లప్ప.

కాసేపటికి నల్లకళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన వచ్చి, వీళ్ళను చూసి, ఇక్కడేదో విశేషం ఉన్నట్టుంది, పుస్తకంలో రాయలేదే అనుకుంటూ తనూ చెవి ఆనించాడు. ఆయన్ను చూసి ఆయన భార్య. ఆమెను చూసి ఒక కాలేజీ గుంపు. అరగంటలో గోడ పొడుగునా ముప్ఫైమంది చేరారు. ఒకావిడ తనకు వీణ వినపడిందంది. పక్కావిడ తనకు పొద్దుట్నుంచీ వినపడుతూనే ఉందంది. పిల్లలు కూడా వినాలని ఒకాయన కొడుకును మెడ పట్టి గోడకు అదిమాడు. అందరూ గోడకు చెవి ఆనించి ఫోటోలు తీసుకున్నారు. గోడ మీదున్న బొమ్మల్ని మాత్రం ఎవరూ తలెత్తి చూడలేదు.

కాపలా అతను వచ్చి వరస చివర ఉన్నతన్ని అడిగాడు, "ఏం వింటున్నారు?"

"తెలీదండీ. ముందున్నవాళ్ళు వింటున్నారు."

కాపలా అతను అటూ ఇటూ చూసి, తనూ ఒకసారి చెవి పెట్టి, ఆ తర్వాతే అందరినీ బయటికి పంపించాడు.

"ఏం చెప్పింది బావా గోడ?" అంది కనకమ్మ ఇంటికి రాగానే.

"చెప్పబోయేసరికి టైమైపోయింది," అన్నాడు చెంగల్రాయుడు.

ఆ మరునాడు నరసింహులుకు పెద్ద పరీక్ష. హోటల్ యజమాని శెట్టిగారు ఈ దసరాకు ఎగ్జిబిషన్లో మిఠాయి అంగడి పెడుతున్నాడు. దానికి పెద్ద మాస్టరు కావాలి. పదకొండేళ్ళుగా ఇంకొకరి కింద గరిటె తిప్పుతున్న నరసింహులును పిలిచి, "ఒక పళ్ళెం మైసూరుపాకు నీ చేత్తో చేసి పట్రా. బాగుంటే పని నీదే," అన్నాడు.

నరసింహులు తెల్లవారకముందే లేచి, మంచి నెయ్యి పోసి, సెగ పెంచుతూ తగ్గిస్తూ పాకం పట్టాడు. అంత బాగా అతనికి ఎప్పుడూ కుదరలేదు. పళ్ళెం తెచ్చి వీధి అరుగు మీద ఆరబెట్టాడు.

"అన్నా, నేను స్నానం చేసి వస్తా. అందాకా దీన్ని చూస్తూ ఉండండి," అన్నాడు.

ముగ్గురూ జోళ్ళు సర్దుకుని అరుగు మీద కూర్చుని చూశారు. రెప్ప వెయ్యకుండా చూశారు. వీధిలో పోయే ఆవు ఒకటి వచ్చింది. ఒక ముక్క తింది. బాగుందనిపించి పళ్ళెం ఖాళీ చేసింది.

నరసింహులు తల తుడుచుకుంటూ వచ్చాడు. "పాకేదీ?"

"ఆవు తినింది," అన్నాడు చెంగల్రాయుడు.

"రెండు ఆవులు," అంది పాపులమ్మ.

"మీరేం చేస్తున్నారు?"

"చూస్తున్నాం కదా. ఒక్క ముక్క కూడా మా కన్ను తప్పించుకుని పోలేదు."

నరసింహులు అక్కడే కూలబడ్డాడు. "పదకొండేళ్ళు ఎదురుచూశాను. నా నోట్లో మట్టి కొట్టారు కదన్నా," అన్నాడు.

ఎల్లప్ప గబగబా చెంబుతో నీళ్ళు తెచ్చాడు. "పుక్కిలించు," అన్నాడు.

నరసింహులు చెంబు వైపు చూశాడు, ముగ్గురి వైపు చూశాడు. "నా కొంప మునిగింది," అని, చొక్కా తగిలించుకుని శెట్టిగారి కాళ్ళు పట్టుకోడానికి పరిగెత్తాడు. కనకమ్మ కళ్ళు ఒత్తుకుంటూ మళ్ళీ శనగపిండి తేవడానికి అంగడికి పోయింది.

శెట్టిగారు మంచివాడు. జరిగింది విని కడుపు పట్టుకుని నవ్వాడు. "పోనీలే నరసింహులూ. మళ్ళీ చెయ్యి. నేనే నీతో వచ్చి, మీ ఇంట్లోనే వేడివేడిగా రుచి చూస్తా," అన్నాడు. నరసింహులుకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. దారి పొడుగునా నెయ్యి గురించే మాట్లాడుతూ ఆయన్ను వెంటబెట్టుకొచ్చాడు.

వచ్చేసరికి ఇంట్లో పొయ్యి లేదు. మూకుడు లేదు. నెయ్యి డబ్బా, పరుపులు, దేవుడి పటాలు, రుబ్బురోలు, అన్నీ మిద్దె మీదికి చేరాయి. వాటి మధ్య మంచమ్మీద పాపులమ్మ కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది.

"ఏంటిది వదినా?" అన్నాడు నరసింహులు వీధిలోంచే తలెత్తి.

"కొంప మునిగిందన్నావు కదయ్యా. సామానంతా కాపాడాం."

శెట్టిగారు గడప దాటి లోపల అడుగు పెట్టాడు. చీలమండ దాకా నీళ్ళు. ఇంటి మధ్య పల్లంగా ఉన్న తొట్టివాకిలి నిండి, నీళ్ళు గదుల్లోకి పారుతున్నాయి. తూము నోట్లో పాత చీర కుక్కి ఉంది. కుళాయి పూర్తిగా తిప్పి ఉంది. అది చాలదని ఎల్లప్ప పెరటి బావిలోంచి తోడి తెచ్చి పోస్తున్నాడు.

చెంగల్రాయుడు పంచె మోకాళ్ళ పైకి కట్టుకుని ఎదురొచ్చి, శెట్టిగారికి చేతులు జోడించాడు.

"సామాను మోసి చూస్తే ఇంట్లో చుక్క నీళ్ళు లేవండీ. మావాడు తమరి దగ్గరికొచ్చి కొంప మునిగిందని చెప్పుంటాడు. పెద్దవారి ముందు వాడి మాట అబద్ధం కాకూడదు కదా. నడుం దాకా రావాలంటే ఇంకో గంట పడుతుంది. మీరలా పైకెళ్ళి మంచమ్మీద కూర్చోండి."