మూడు దెబ్బల నగారా

ఏరు పొంగితే కోట బురుజు మీద నగారా మూడు దెబ్బలు మోగేది. కాస్త ఆగి మళ్ళీ మూడు. అది వినగానే ఏటి ఒడ్డు వాడ జనం ఉన్నపళాన గుట్టెక్కేవాళ్ళు.

ఆస్థాన విద్వాంసుడు మార్తాండయ్యకు ఆ మోటు దరువు నామోషీ అనిపించింది. నగారా తనే పుచ్చుకుని, ఆ మూడు దెబ్బలకు జతులూ ముక్తాయింపులూ చేర్చాడు. ఆ ఏడు వరదలో వాడలో నలభై మంది కొట్టుకుపోయారు.

"నేను మోగించాను ప్రభూ. వాళ్ళే బద్ధకించి కదల్లేదు," అన్నాడు మార్తాండయ్య కొలువులో. రాజు నమ్మాడు.

ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న సుంకులమ్మ గంపలల్లుకుని బతికే మనిషి. ముందుకొచ్చి దణ్ణం పెట్టింది.

"దొరా, నా బిడ్డలు ఆఖరున విన్నది ఆ దరువే. ఆవేళ నేను సంతకు పోయాను. ఒక్కసారి వినిపించమనండి."

మార్తాండయ్య ఉబ్బిపోయాడు. నగారా తెప్పించి చెలరేగి వాయించాడు. సభంతా తలలూపింది. మంత్రి శభాష్ అన్నాడు. రాజు వేళ్ళు సింహాసనం మీద తాళం వేశాయి.

దరువు ఆగాక సుంకులమ్మ అడిగింది. "ఏరు పొంగింది, పారిపొండని ఇంతసేపూ మోగింది కదా దొరా. మీలో ఒక్కరైనా లేచారా?"

ఆమె చూపు రాజు వేళ్ళ మీద ఆగింది.

"నా బిడ్డలూ ఇట్లాగే తాళం వేస్తూ కూర్చుని ఉంటారు."

రాజు చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ రోజే నగారా కర్రలు సుంకులమ్మ చేతికొచ్చాయి. బతికినన్నాళ్ళూ ఆమె మూడు దెబ్బలకు నాలుగోది చేర్చలేదు.