మూత మీద రాగి అంకె

ఒక రాజుగారి కొలువులో ఆటపెట్టె ఉండేది. మనం వీడియో గేమ్ అంటామే, అలాంటిదే. పెట్టె తెరిస్తే ఎదుటి గోడ మీద వెలుగు బొమ్మలు కదిలేవి. మీటల పలక ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు ఆ బొమ్మల్ని నడిపించేవాళ్ళు. మిగతా ఊరంతా వెనక కూర్చుని సలహాలిచ్చేది.

ఆ ఆటలు అల్లేది ఒక ఆడమనిషి. కోట వెనక చిన్న గదిలో, ఒక కాలు కురచైన పీట మీద అటూ ఇటూ ఊగుతూ పనిచేసేది. పీట బాగుచేయించుకోమ్మా అంటే, ఈ ఆట అవనివ్వండి అనేది.

ఆమె అల్లిన మొదటి ఆటలో ఒక కుర్రాడు దీపం పట్టుకుని విరిగిన వంతెన దాటాలి. దీపం ఆరకూడదు. అంతే ఆట. ఆ అంతేలో ఎంత ఉందో ఆడినవాళ్ళకే తెలుసు. గాలి వీచినప్పుడల్లా ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టేది. అలాంటిది అంతకు ముందు ఎవరూ చూడలేదు. ఎవరూ చూడనిదాన్ని ఒక మనిషి ఊగే పీట మీద కూర్చుని ఊహించిందంటే, నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఇంకోటి కావాలన్నారు జనం. రెండో పెట్టె వచ్చింది. రాజుగారి కంచరి రాగితో రెండు అంకె పోతపోసి దాని మూత మీద మేకులతో కొట్టాడు. మొదటి పెట్టె మూత మాత్రం బోడిగానే ఉండిపోయింది. రెండోది వస్తుందని అప్పుడెవరికి తెలుసు?

రెండోది బాగుంది. నిజం చెప్పొద్దూ, మూడోది ఇంకా బాగుంది. వంతెనలు పెరిగాయి, వానలు వచ్చాయి, కుర్రాడి జుట్టు గాలికి ఎగరడం మొదలుపెట్టింది. తర్వాత తర్వాత జుట్టే బాగుండేది. ఏడోదాంట్లో వెంట్రుకలు విడివిడిగా కనిపించాయని అందరూ మెచ్చుకుని, పెందలాడే ఇళ్ళకు పోయారు.

ఈలోగా ఆ కొలువులో ఒక వింత ఆచారం పుట్టింది. ఆట అల్లకముందే అంకె పోతపోసేవాళ్ళు, దండోరా వేయించేవాళ్ళు. కంచరి ఎనిమిది అంకెను ఖాళీ పెట్టెకు కొట్టేశాక రాజు ఆమెను పిలిపించాడు.

"ఏమమ్మా, ఈసారి ఎన్ని వంతెనలు?"

"వంతెన లేదు ప్రభూ."

"దీపం?"

"చివర్లో వస్తుంది."

రాజు మొహం మాడ్చుకున్నాడు. "చూడమ్మా, జనం ఆట ముగియకుండా లేచిపోతే ఆ గది తాళం పాత ఆటలకు నకళ్ళు తీసేవాళ్ళ చేతికిచ్చేస్తాను. వాళ్ళు ఏడాదికి రెండు అంకెలు ఇస్తామంటున్నారు. తర్వాత నన్ను అనుకోవద్దు."

"అనుకోను ప్రభూ," అంది ఆమె. గదికి వెళ్ళి మళ్ళీ ఆ ఊగే పీట మీదే కూర్చుంది. ఆ గది పోతే ఆమెకు ఇంకేమీ లేదు. పని ఒక్కటే ఆమె బతుకు. అయినా వంతెన కట్టలేదు. ఆ మొండితనానికి దండం పెట్టాలి.

ఆట రోజున కొలువు కిటకిటలాడింది. గోడ మీద ఒక చీకటి ఇల్లు కనిపించింది. కిటికీ దగ్గర కాళ్ళకు గజ్జెలతో ఒక చిన్నపిల్ల. మీటలు రెండే: ఒకటి గెంతడానికి, ఒకటి తలుపు తీయడానికి.

మొదట కూర్చున్న సేనాపతి బొటనవేలు అలవాటుగా గెంతు మీట మీదికే పోయింది. పిల్ల గెంతింది, గజ్జెలు ఘల్లుమన్నాయి. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ ఘల్లు. ఏమీ జరగలేదు. తర్వాత మంత్రి కూర్చున్నాడు. ఆయన ఇంకా గట్టిగా నొక్కాడు. ఏడు ఆటలు గెంతిన వేళ్ళు మరి, ఊరుకుంటాయా! వెనక వరసల్లో ఆవలింతలు మొదలయ్యాయి. ఇద్దరు ముగ్గురు లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. ఆమె స్తంభం పక్కన నిలబడి చూస్తోంది.

"ఇటు తేరా ఆ పలక," అంది రాజుగారి తల్లి.

ఆవిడ పలకను ఒళ్ళో పెట్టుకుంది. ఏ మీటా నొక్కలేదు. ఇంటికి రావలసినవాళ్ళ కోసం కూర్చోవడం ఆవిడకు తెలిసిన పనే. గజ్జెలు ఊరుకున్నాయి. కొలువూ ఊరుకుంది. అప్పుడు వినిపించింది, ఎక్కడో దూరంగా, అడుగుల చప్పుడు.

చెప్పులు వెతికేవాళ్ళు ఆగిపోయారు. అడుగులు దగ్గరయ్యాయి. గుమ్మం దాకా వచ్చాయి. ముసలావిడ వేలు మెల్లగా తలుపు మీట మీదికి వెళ్ళింది.

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో ఆ కుర్రాడే. తడిసి ముద్దయ్యాడు, చేతిలో దీపం ఆరలేదు. పిల్ల దీపం అందుకుంది. ఇల్లంతా వెలుగు. కుర్రాడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఏడు ఆటల్లోనూ వాడు ఒక్కసారి కూడా కూర్చోలేదు.

సేనాపతి ఏడ్చాడు. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, అందరూ ఏడ్చారు.

"ఇన్నాళ్ళూ పరిగెత్తించాం గానీ నాన్నా, వీడికో ఇల్లుందని మనకు తట్టనేలేదురా," అంది తల్లి కొడుకుతో.

రాజు లేచి పెట్టె దగ్గరకు వెళ్ళాడు. చాలాసేపు మూత వంక చూశాడు. తర్వాత కంచరిని పిలిచి, "ఆ ఎనిమిది పీకెయ్యి. ఇది ఎనిమిదోది కాదు," అన్నాడు. మేకుల గుర్తులు మిగిలాయి గానీ మూత మొదటిదానిలాగే బోడిగా అయింది. గది తాళం రాజు తన చేత్తోనే ఆమె చేతిలో పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె గది ముందు కంచరి నిలబడి ఉన్నాడు. పళ్ళ మధ్య మేకులు, చేతిలో తళతళలాడే కొత్త రెండు అంకె.

"రాత్రికి రాత్రే పొయ్యమన్నారమ్మా. నిన్నటి ఆటకు రెండోది వస్తుందని దండోరా కూడా వేసేశారు. ఇది ఎక్కడ కొట్టమంటారు?"

ఆమె ఆ అంకెను చేతిలోకి తీసుకుంది. ఇంకా వెచ్చగా ఉంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, పకపకా నవ్వింది. తర్వాత వంగి, దాన్ని పీట కురచకాలు కింద పెట్టి కూర్చుంది.

పీట ఊగలేదు. ఆమె పని మొదలుపెట్టింది.