గరిక గంప

ఒక్క ప్రశ్న అడుగుతాను, తప్పించుకోకుండా జవాబు చెప్పండి. మీ బడికి దూరదేశం నుంచి ఎవరైనా వస్తున్నారనగానే మీరు మొదట దేనికోసం పరుగెత్తుతారు? బ్యానరు కట్టే తాడు కోసమా, వాళ్ళ పిల్లల పక్కన మీ పిల్లలు కూర్చునే చోటు కోసమా? ఆలోచిస్తూ ఉండండి. ఈలోగా నేను రెల్లుమడుగు సంగతి చెబుతాను.

రెల్లుమడుగు పెద్ద చెరువు. ఈ ఒడ్డున తుంగపొదల మధ్య ఒక బడి ఉంది. దానికి హెడ్మాస్టరు గంగులు అనే దున్న. మంచివాడు, నెమ్మదస్తుడు. ఏ మాట విన్నా సాయంత్రం దాకా నెమరేసి గాని బదులివ్వడు. ఆయన కింద జలజ టీచరు. ఆమె బుడబుంగ, అంటే ఇక్కడ మునిగి అక్కడెక్కడో తేలే నీటిపిట్ట. ఒళ్ళు గుప్పెడంతే. నోరు మాత్రం గుప్పెట్లో పట్టేది కాదు.

చలి మొదలవగానే అవతలి ఒడ్డుకి పట్టెతల బాతులు వచ్చేవి. తల మీద రెండు నల్ల గీతలుంటాయి కాబట్టి వాటికా పేరు. మంచుకొండల అవతల, ఉప్పుచెరువు దగ్గర వాటికీ ఒక బడి ఉంది. చలికాలంలో ఆ బడి మొత్తం, పిల్లలతో టీచర్లతో సహా, కొండల మీదుగా ఎగిరి ఇక్కడికి వచ్చేస్తుంది. రెండు బడులకీ స్నేహం కలిసిందని ఈ ఒడ్డున ప్రతి ఏడూ గొప్పగా సభ జరిగేది. ఆ స్నేహానికి ఇన్‌చార్జి నక్క జంబులింగం గారు.

ఇన్‌చార్జి పదవి ఆయనకి ఎవరిచ్చారో ఎవరికీ తెలీదు. మొదటి ఏడు వేదిక మీద మైకు దగ్గర నిలబడ్డాడు, ఆ తర్వాత దిగలేదు. అంతే. అతిథులు మహానుభావులు, కొండలు దాటి అలసిపోయి వస్తారు, గోల పడదు, మన మాట బొత్తిగా రాదు, అందుకని ఏ కబురైనా తన ద్వారానే వెళ్ళాలి అని ఆయనే ఒక పద్ధతి పెట్టాడు. సభంటే ఏముంది? కొంగ మాస్టారు నేర్పిన స్వాగతగీతం, జంబులింగం గారి ఉపన్యాసం, చివర అతిథుల కోసం గంపెడు చేపలు. బాతులు సభకి వచ్చేవి కావు. అలసటట. గంపని జంబులింగం గారే గట్టు చుట్టూ తిరిగి మోసుకుపోయేవాడు. పోయే ముందు పెద్ద చేప ఒకటి తీసి అందరి ఎదుటా నోట్లో వేసుకునేవాడు. అతిథులకు పెట్టేది ముందుగా రుచి చూడటం అంతర్జాతీయ మర్యాదని, తేడా ఏదన్నా ఉంటే తన ప్రాణమే పోవాలని గొంతు వణికిస్తూ చెప్పేవాడు. వింటున్న కప్పలు కళ్ళు తుడుచుకునేవి.

ఆ చేపలు పట్టేది ఎవరు? జలజ టీచరు క్లాసు పిల్లలు. సభ దగ్గర పడుతోందంటే పాఠాలు బంద్. పొద్దస్తమానం మునగడం, పట్టడం, గంపలో వెయ్యడం. పట్టిన చేప నోటి దాకా వచ్చి గంపలోకి పోతుంటే బుడబుంగ పిల్లలు గుటకలు మింగేవి.

జలజ టీచరు దిగులు చేపల గురించి కాదు. పోయిన ఎండాకాలం రెల్లుమడుగు అడుగు కనబడింది. ఆమె క్లాసు పిల్లలకి మునగడం వచ్చు గాని దూరం ఎగరడం రాదు. బురదలో చిక్కుకుపోతే గంగులు మాస్టారు వీపు మీద ఎక్కించుకుని పక్క కాలవలో వదిలి వచ్చాడు. ఈసారి కాలవా ఎండితే? కొండలు దాటే బాతులు ఎదురుగా నాలుగు నెలలు మకాం వేస్తున్నాయి. వాటి దగ్గర ఎగరడం నేర్చుకోకపోతే ఈ స్నేహం ఎవరికోసం? ఈ మాటే స్టాఫ్ మీటింగులో అడిగింది.

జంబులింగం గారు జాలిగా నవ్వాడు. "అమ్మా జలజా, అంతర్జాతీయ సంబంధాలు సున్నితమైనవి. ముందు పదేళ్ళు సభలు జరగాలి. ఆ తర్వాత ఒక కమిటీ. పిల్లల సంగతి అప్పుడు చూద్దాం."

"అప్పటికి పిల్లలు తాతలవుతారండీ."

"చూశారా మాస్టారూ," అన్నాడాయన గంగులు వైపు తిరిగి, "ఈ దూకుడు చూస్తే అతిథులు హడలిపోరూ?"

గంగులు మాస్టారు నెమరేస్తూ ఉండిపోయాడు. జలజ టీచరు ఆయన జవాబు కోసం ఆగలేదు. చెరువు దగ్గరికి నడిచింది, ఊపిరి పీల్చుకుంది, బుడుంగున మునిగింది. జంబులింగం గారి కాపలా గట్టు మీదే. నీళ్ళ కింద ఆయన పద్ధతులు చెల్లవు.

ఆమె తేలింది ఒక పెద్ద బాతు ముక్కు ముందు. ఆ బాతు ఒడ్డున పచ్చిక కొరుకుతోంది, ముక్కుకి గరికపోచలు అంటుకుని ఉన్నాయి. ఉప్పుచెరువు బడి ప్రిన్సిపాలు డోల్మా మేడం ఆవిడే.

"ఎవరమ్మా నువ్వు?" అంది డోల్మా మేడం.

జలజ టీచరు తడి రెక్కలతోనే నమస్కారం పెట్టింది. "మీకు మా మాట వచ్చా మేడం?"

"ఏటా నాలుగు నెలలు ఇక్కడే కదా, రాకేం? మీకే మాటలు రావని జంబులింగం గారు చెప్పారు. కొత్తవాళ్ళు కనబడితే బెదిరిపోయి నీళ్ళలో దూకేస్తారట."

"నీళ్ళలో దూకడం మా మొదటి పాఠమండీ. బెదరడం మా సిలబస్‌లో లేదు."

డోల్మా మేడం నవ్వేసింది. ఆ నవ్వుతో మాటలు కలిశాయి. పోయినేడు ఉప్పుచెరువు పిల్లలిద్దరు రెల్లుపొదల్లో వేటగాళ్ళ వలకి చిక్కారట. వలలు ఎక్కడ కడతారో, ఎప్పుడు కడతారో తెలియక ఆవిడ బడి మొత్తాన్ని ఆ పచ్చిక మీదే కదలకుండా కూర్చోబెట్టుకుంది. జలజ టీచరు పిల్లలకైతే ప్రతి వలా తెలుసు. మునిగి దాని కిందనుంచి పోవడం వాళ్ళకి ఆట. ఇటు ఎగరడం రాని భయం, అటు వల తెలియని భయం. ఒకరి భయానికి మందు ఇంకొకరి దగ్గరుంది. మధ్యలో ఒక చెరువు, ఒక నక్క.

పోతూ పోతూ జలజ టీచరు మర్యాదకి అడిగింది, మేం పంపే చేపలు రుచిగా ఉంటున్నాయా అని.

"ఏ చేపలు?" అంది డోల్మా మేడం. "మేం తినేది గడ్డి కదమ్మా."

జలజ టీచరు ఒక చిన్న సాయం కోరింది. సభ రోజున పిల్లలతో రెల్లు చాటుకి వచ్చి, పిలిచేదాకా అక్కడే ఆగమంది.

ఈ ఒడ్డుకి తిరిగొచ్చి గంగులు మాస్టారుకి అంతా చెప్పింది. ఆయన నెమరు ఆగిపోయింది. అలా ఆగడం బడి పిల్లలెవరూ ఎప్పుడూ చూడలేదు.

"గడ్డి నేను రోజూ తినేదే," అన్నాడు చివరికి, తలవంచుకుని. "మొదటి ఏడు గడ్డి పెడదామనే అనుకున్నాను టీచరుగారూ. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళకి నేను తినేది పెడితే ఏం బావుంటుందని నోరు మూసుకున్నాను."

"వాళ్ళని అడగాల్సింది."

"జంబులింగం గారిని అడిగాను."

ఆ మాట అంటుంటేనే ఆయనకి విషయం పూర్తిగా తలకెక్కింది. కొమ్ములు దించి లేచాడు. జలజ టీచరు అడ్డం నిలబడింది, అంటే ఆయన గిట్ట పక్కన నిలబడింది. ఇక్కడ పొడిస్తే ఏదో పొరపాటు జరిగిందని తప్పించుకుంటాడని, సంగతి చేపలు పట్టిన పిల్లల ఎదుటే తేలాలని చెప్పింది. ఈసారి గంప నింపే పని మాత్రం మాస్టారిదేనంది. చెరువు మొత్తంలో మంచి గరిక ఎక్కడుందో ఆయనకంటే ఎవరికి తెలుసు?

మర్నాటి మీటింగులో జలజ టీచరు గొంతు తేనెలా ఉంది. నిన్నటి దూకుడుకి క్షమించమంది. ఇన్నేళ్ళుగా జంబులింగం గారు ప్రాణాలొడ్డి రుచి చూస్తున్నా ఎవరూ సరిగా గుర్తించలేదని, ఈసారి ఆ కార్యక్రమాన్నే సభకి తలమానికం చేద్దామని అంది. వేదిక మధ్యలో గంప పెట్టి, ఒక చేప కాదు, ఆయనకి తృప్తి కలిగేదాకా రుచి చూడాలంది.

జంబులింగం గారి తోక దానంతటదే ఊగింది. "బాధ్యత అన్నాక తప్పుతుందా. గంప కాస్త పెద్దది చూడండి."

"అతిథులకు ఇష్టమైనదే నింపాలి కదండీ?"

"అదే. వాళ్ళకి ఇష్టమైనది తప్ప ఇంకేదీ ఉండకూడదు."

"అది ఏదైనా మీరు రుచి చూస్తారు?"

"ఏదైనా," అన్నాడు జంబులింగం గారు గుండె మీద చెయ్యి వేసుకుని. మీటింగంతా విన్నది. కొంగ మాస్టారు చప్పట్లు కూడా కొట్టాడు.

సభ రోజు వచ్చింది. బ్యానరు కట్టారు. స్వాగతగీతం అయింది. జంబులింగం గారు పొద్దుటినుంచీ పస్తున్నాడు, కడుపు ఖాళీ ఉంచుకోవాలి కదా. ఉపన్యాసం ఎప్పుడూ లేనంత పొట్టిగా ముగించి గంప వైపు తిరిగాడు. గంగులు మాస్టారు దాని మీది తామరాకు తొలగించాడు.

లోపల గరిక. లేతగా, మంచు తడి ఆరకుండా, పోగు పోసిన పచ్చ గరిక.

జంబులింగం గారు గంపలోకి చూశాడు, గంప కిందికి చూశాడు, మళ్ళీ గంపలోకి చూశాడు. "ఇదేమిటి? మహానుభావులకి గడ్డి పెడతారా? బడి పరువు ఏమవుతుంది?"

"గడ్డికేం తక్కువ?" అన్నాడు గంగులు మాస్టారు. ఆయన వెంటనే బదులిచ్చేసరికి సభ సగం అక్కడే ఉలిక్కిపడింది.

జలజ టీచరు మైకు దగ్గరికి వచ్చింది. "అతిథులకు ఇష్టమైనదేనండీ. మీరు చెప్పినట్టే. రుచి చూడండి."

వద్దంటే మర్యాద తప్పినట్టు. ఇది వాళ్ళ తిండి కాదంటే, వాళ్ళనే అడుగుదామంటారు. తనే పెట్టిన పద్ధతి తన గొంతు పట్టుకుంది. జంబులింగం గారు ఒక పోచ తీసుకున్నాడు. పిల్లలందరూ మెడలు చాచి చూస్తున్నారు. నమిలాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకో పోచ, ఇంకొంచెం, తృప్తి కలిగిందా అని గంగులు మాస్టారు పక్కనే నిలబడి ఎంతో వినయంగా అడుగుతుంటే ఇంకో పిడికెడు. గడ్డి గొంతులో అడ్డం పడింది.

"అద్భుతం," అన్నాడు దగ్గుతూ. "మిగతాది నేనే మోసుకెళ్ళి వాళ్ళకి అందిస్తాను."

"మోయడమెందుకండీ, వాళ్ళే వచ్చారు," అంది జలజ టీచరు, రెల్లు వైపు చూసి ఒక్క కూత వేసింది.

రెల్లు పక్కకి తొలగింది. డోల్మా మేడం ముందు, వెనక వరసగా ఉప్పుచెరువు పిల్లలు. ఒడ్డెక్కుతూనే ఆవిడ గంపని చూసి ఆగిపోయింది. "గరికే," అంది పిల్లలతో. తర్వాత గంగులు మాస్టారుతో, "ఇన్నేళ్ళూ మా మీద మీకేదో కోపమనుకున్నామండీ. ఒక్క పోచా పంపలేదు. మేమేమో మీ పిల్లల పరుపులకని ఏటా మెత్తటి ఈకలు పంపుతూనే ఉన్నాం."

"పరుపులా?" అన్నాడు గంగులు మాస్టారు. "మా పిల్లలు పడుకునేది తుంగ మీద కదమ్మా. మేం మీకు చేపలు పంపుతున్నాం."

రెండు ఒడ్లూ ఒకేసారి జంబులింగం గారి వైపు తిరిగాయి. ఆయన నోటి నిండా గడ్డి, మీసాలకి గరికపోచలు. ఏదో అనువదించబోయాడు. గడ్డే బయటికొచ్చింది.

అప్పుడు ముందు వరసలోంచి ఒక బుడబుంగ పిల్ల లేచింది. పోయినేడు సభకి ముందురోజులన్నీ మునిగి మునిగి గుటకలు మింగినవాళ్ళలో అదొకటి. "మావయ్యగారూ, చేపలు మెత్తగా ఉన్నాయా, పరుపు మెత్తగా ఉందా?" అని అడిగింది.

సభ ఫక్కున నవ్వింది. ఆ నవ్వులోంచి జంబులింగం గారు దగ్గుతూ, గరికపోచలు రాలుస్తూ, గట్టు దిగి పారిపోయాడు. గంగులు మాస్టారు వెంటపడలేదు. గంప ఎత్తి డోల్మా మేడం పిల్లల ముందు పెట్టి, తనూ ఒక పక్క నిలబడి వాళ్ళతో కలిసి మేశాడు. అంత రుచిగా ఆయన ఎప్పుడూ తినలేదట.

ఆ మధ్యాహ్నమే బ్యానరు విప్పేశారు. దాని తాడు వలపాఠానికి పనికొచ్చింది. బుడబుంగ పిల్లలు తాడు పొదలకి కట్టి, వల ఇలా ఉంటుంది, తల ఇలా వంచి కిందనుంచి పోవాలి అని బాతు పిల్లలకి చూపించాయి. చలికాలం పొడుగునా డోల్మా మేడం బుడబుంగలకి వరసలో ఎగరడం నేర్పింది. ముందున్నవాడు గాలికి అలసిపోతే వెనక్కి రావాలి, వెనకున్నవాడు ముందుకి పోవాలి, ఎవరూ ముందే ఉండిపోకూడదు. ఈ పాఠం వింటుంటే పిల్లలకి మైకు వదలని ఒకాయన గుర్తొచ్చి నవ్వు ఆగేది కాదు.

ఎండలు ముదిరాయి. రెల్లుమడుగు మళ్ళీ అడుగు చూపించింది, ఈసారి కాలవా ఎండింది. గంగులు మాస్టారు అలవాటుగా వీపు వంచాడు. పిల్లలెవరూ ఎక్కలేదు. జలజ టీచరు ముందు, వెనక వరసగా బుడబుంగ పిల్లలు, తక్కువ ఎత్తునే, కాస్త వంకరగానే, కానీ ఒక్కటీ రాలకుండా, నీళ్ళున్న చెరువు వైపు ఎగిరిపోయాయి. సగం దారిలో ఆమె రెక్కలు అలిశాయి. ఆమె ఏమీ చెప్పకముందే వెనకున్న పిల్ల ముందుకి వచ్చింది.

నీతి: ఇద్దరి స్నేహం మూడోవాడి నోటితో నడిస్తే నిండేది మూడోవాడి కడుపే.

ఇప్పుడు మీ వంతు. మీ బడికి వచ్చే ఏడు ఎక్కడినుంచి ఎవరు వచ్చినా సభ రేపటికి వాయిదా వెయ్యండి. ముందు వాళ్ళ పిల్లల్నీ మీ పిల్లల్నీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టండి, మీరేం తింటారు, మీకేం భయం అని మీ నోటితో మీరే అడగండి. బ్యానరు తాడు ఉందిగా, దానికి పని ఆ పిల్లలే చూపిస్తారు.