బురుజు మీద నగారా

ఓబులేసు రాజుగారి యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. అదే యుద్ధంలో అతని నేస్తం కదిరప్పకు తగిలిన కాలి గాయం మానలేదు. మందు కోసం పోతే ఆస్థాన వైద్యుడు, "ఇది యుద్ధంలో తగిలిన దెబ్బేనని దళవాయి చెప్పాలి" అన్నాడు. సేనల్ని నడిపే ఆ దళవాయి, "కొలువు మానేసినవాళ్ళు ధాన్యాగారం అధికారి కిందికొస్తారు, పొండి" అన్నాడు. ఆ అధికారేమో, "వైద్యుడు చెప్పనిదే నేనేం చెయ్యను?" అన్నాడు. తిరిగి తిరిగి ఆ ధాన్యాగారం గుమ్మం ముందే కదిరప్ప కుప్పకూలాడు.

ఓబులేసుకి కడుపు మండిపోయింది. తిన్నగా బురుజెక్కి ఎడంచేత్తో యుద్ధ నగారా మోగించాడు. శత్రువు లేకుండా దాన్ని మోగిస్తే తల తీసేస్తారని అతనికి బాగా తెలుసు.

కోట తలుపులు ధడాల్న మూసుకున్నాయి. నగారా వింటే ఎంతటివాడైనా బురుజు దగ్గరికి రావాల్సిందే. ముగ్గురు అధికారులూ రొప్పుకుంటూ వచ్చి ఒక్కచోట నిలబడ్డారు. రాజు కత్తి దూసి మెట్లెక్కాడు.

"శత్రువేడిరా?"

కత్తి మొన మెడకి తగులుతోంది. ఓబులేసు కదల్లేదు.

"మీ సైనికుడు కదిరప్ప కోటలోపలే పడిపోయాడు ప్రభూ. పడగొట్టిందెవరో నాకు అంతుపట్టడం లేదు. వీళ్ళనే అడగండి."

రాజు కిందికి చూశాడు. వైద్యుడు దళవాయిని చూపించాడు. దళవాయి ధాన్యాగారం అధికారిని చూపించాడు. ఆ అధికారి వైద్యుణ్ణి చూపించాడు.

కత్తి మెల్లగా మెడ మీంచి లేచింది.

"ముందు ఆ కదిరప్పని మోసుకురండి. మీ ముగ్గురే!" అన్నాడు రాజు.

అప్పట్నుంచీ ఆ ముగ్గురూ బురుజు కింద ఒకే గదిలో కూర్చుంటున్నారు. నగారా కర్ర మాత్రం ఓబులేసు దగ్గరే ఉంది.