గెంతే బటన్

రాజులక్కూడా వెబ్ పేజీలున్న రోజుల్లో, తొండమరాజు తన పేజీ చూసుకుని తెగ మురిసిపోయేవాడు. పేజీకి సోకులద్దే స్టైల్ షీట్లు రాసేవాణ్ణి కూర్చోబెట్టి అందులో ఉన్నవన్నీ ఆడించాడు. కిరీటం గిరగిరా తిరుగుద్ది, బిరుదులు ఊగుతా వస్తాయి. మౌస్ దగ్గరికి తెస్తే చాలు, ఫిర్యాదు బటన్ కూడా గెంతి పక్కకెళ్ళిపోద్ది.

ఓరోజు కుమ్మరి ఎర్రక్క సభకి పరిగెత్తుకొచ్చింది.

"దొరా, రోడ్డు కోసమని కుండలు కాల్చే నా ఆవం కూలగొడతన్నారు. ఆపించండి!"

"నోటిమాట చెల్లదు. పేజీలో బటన్ నొక్కు. ఒక్క ఫిర్యాదూ రాని రాజ్యం మాది, తెలుసా?" అన్నాడు రాజు మీసం దువ్వుకుంటా.

పొద్దుట్నుంచీ ఆ బటన్ వెంటపడి అలిసిపోయిన ఎర్రక్క వాదించలేదు.

"నాకు చేతకావట్లేదు దొరా. మీ చేత్తో మీరే నొక్కి పెట్టండి."

రాజు మౌస్ పట్టుకున్నాడు. బటన్ ఎడంపక్కకి గెంతింది. వెంటబడితే పైకి పోయింది. ఎంత తరిమినా రాజుకి చిక్కలేదు.

"ఫిర్యాదులు ఎందుకు రావట్లేదో తెలిసిందా దొరా?" అంది ఎర్రక్క మెల్లగా.

రాజు మొహం చిన్నబోయింది. అప్పటికప్పుడే ఆ గెంతులు తీసేయించాడు.

"ఇప్పుడు నొక్కమ్మా, కదలదు."

అంతలోనే కుమ్మరివీధి వైపు నుంచి పెద్ద చప్పుడొచ్చింది. కిటికీలోంచి దుమ్ము లేవడం అందరికీ కనపడింది.

ఎర్రక్క మౌస్ రాజు వైపుకి నెట్టేసింది.

"ఇంక నొక్కి ఏం చేసుకోను దొరా?"