దొరగారి సొత్తు

దొరల నోటికి అడ్డూ ఆపూ లేని రోజుల్లో, ఎగువూరి వెంగళరాయుడు కాలువకు అడ్డకట్ట వేసి, "నా పొలంలోకొచ్చిన ప్రతి చుక్కా నాదే" అన్నాడు. దిగువూళ్లో నారుమళ్లు నెర్రెలిచ్చాయి. ఆ ఊరికి పెద్దదిక్కైన సుంకులమ్మ దొరకు ఎదురు చెప్పలేదు. ఊరందరిచేతా పొలిమేరలో పెద్ద గట్టు పోయించింది.

శ్రావణంలో వాన దంచి కొట్టింది. దొర కట్ట మీంచి పొర్లిన నీళ్లు ఆ గట్టుకు తగిలి వెనక్కి తన్నాయి. దొర వరి మునిగింది. దొర గొడుగైనా లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

"గట్టు తెంచవే, సుంకులూ! నీళ్లు కిందికి పోవాలి!"

"తమరి సొత్తు మేం తీసుకుంటే దొంగతనం కాదూ, దొరా?"

"నీళ్లు అందరివే తల్లీ!"

"ఎండాకాలంలోనూ అందరివే అయితే, ముందు మీ అడ్డకట్ట తవ్వండి. తర్వాత మా గట్టు మేం తెంచుతాం. ఇదిగో పార."

పార ఎటు పట్టుకోవాలో కూడా దొరకు ఆవిడే చూపించాల్సొచ్చింది.