రాజుగారి వెయిట్

జమీందారు జగ్గరాజుగారు ఓ ఇంగ్లీషు మాట నేర్చి, ఎవరేమడిగినా అదే పారేసేవారు: "వెయిట్!"

పల్లకీ మోసే గవరయ్యకు కూతురు పుట్టిందని పొద్దున్నే కబురొచ్చింది. ఒక్కసారి చూసొస్తానన్నాడు.

"వెయిట్!" అన్నారు రాజుగారు.

"అంటే ఏంటి బాబూ?"

రాజుగారి ఇంగ్లీషుకు అర్థం చెప్పే దుబాసీ మీసం దువ్వాడు. "కాచుకుని ఉండమని. పూర్వం కాపలా కాయడాన్ని అలా అనేవారట. పెద్దలు అనాలి, మీలాంటివాళ్ళు చెయ్యాలి."

సాయంత్రం రాజుగారు కొత్తగా పుట్టిన మనవణ్ణి చూడ్డానికి దుబాసీని వెంటబెట్టుకుని బయల్దేరారు. వియ్యంకుడి మేడ ఇంకాస్త దూరముందనగా గవరయ్య పల్లకీ దింపించాడు. గవరయ్య ముందు బోయీ; అతను దింపమన్నచోట దింపడం, ఎత్తమన్నప్పుడే ఎత్తడం మిగతా బోయీల కట్టుబాటు.

మేడలోంచి పసివాడి ఏడుపు వినిపించింది.

"ఎత్తండ్రా! నా మనవడు ఏడుస్తున్నాడు!"

"వెయిట్ బాబూ," అన్నాడు గవరయ్య మెల్లగా. "నా బిడ్డ ఏడుపెలా ఉంటుందో నాకింకా తెలీదు."

రాజుగారు పల్లకీ దిగి, గవరయ్య భుజమ్మీది చెమటకు తడిసిన తుండుగుడ్డ సర్దారు.

"వెళ్ళి బిడ్డనెత్తుకోరా. నేను నడుస్తాను."

"తమరు నడవడమా! మరి పల్లకీ?" అన్నాడు దుబాసీ.

"నువ్వు వెయిట్," అన్నారు రాజుగారు. "పూర్వం అనేవారన్నావుగా, అలాగే."